రెండు జూన్ నెలలు

2016 జూన్ 11, శనివారం. ఈస్ట్ హామ్, లండన్

నిన్న రాత్రి టీవీలో జెరెమీ కార్బిన్‌ని అడిగారు, యూరోపియన్ యూనియన్ మీద మీకెంత మక్కువ, పదికి ఎన్ని మార్కులు వేస్తారని. ఏడు, మహా అయితే ఏడున్నర అన్నారు. యూనియన్‌లో బ్రిటన్ ఉండాలా వద్దా అని ఈ నెల 23న రిఫరెండం. ‘ఉందాం’ అని ప్రచారం చేస్తున్న లేబర్ పార్టీకి ఆయన నాయకుడు. ఇదే ప్రశ్న మీద జరిగిన 1975 రిఫరెండంలో ‘వద్దు’ అని ఓటేసిన మనిషి కూడా. మనసులో మాటే చెప్పారు, కాదనను. కానీ ఏడు మార్కుల మాట విని ఎంతమంది పోలింగ్ బూత్ దాకా నడుస్తారు?

జూన్ 12, ఆదివారం

పార్టీ కరపత్రాలు పంచాను. ఒక గుమ్మంలో రాయల్ డాక్స్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన. కాగితం చదివి, మడిచి, తిరిగి నా చేతిలో పెట్టాడు.

“ఎప్పుడూ లేబర్‌కే వేశాను బాబూ. డెబ్బై అయిదులో మన లేబర్ మంత్రి టోనీ బెన్ చెప్తే ‘వద్దు’ అని వేశాను. ఇప్పుడూ అదే వేస్తాను. మారింది పార్టీ, నేను కాదు.”

జవాబు దొరకలేదు.

జూన్ 14, మంగళవారం

పెద్దాయన మాట వదలక పాత చరిత్ర తిరగేశాను. 1971 అక్టోబర్ 28న కామన్ మార్కెట్‌లో (ఇప్పటి యూనియన్‌కు అప్పటి రూపం) చేరే తీర్మానానికి పార్టీ ఉపనాయకుడు రాయ్ జెంకిన్స్‌తో సహా 69 మంది లేబర్ ఎంపీలు సొంత పార్టీ విప్‌ను కాదని ఓటేశారు. 1975లో లేబర్ ప్రధాని విల్సన్ మంత్రివర్గమే 16 మంది ఒకవైపు, ఏడుగురు ఒకవైపు అయింది. ఎవరి వాదన వాళ్ళు జనం ముందు చెప్పుకోండని ఆయన వదిలేశారు. ఆ ఏప్రిల్‌లో పార్టీ ప్రత్యేక మహాసభ ‘బయటికి’ అంది. జూన్‌లో 67 శాతం ఓటర్లు ‘ఉందాం’ అన్నారు.

అక్కడితో తీరిందా? 1981లో జెంకిన్స్, మరో ముగ్గురు వేరు కుంపటి పెట్టారు. 1983 మేనిఫెస్టోలో లేబర్ మళ్ళీ ‘బయటికి’ అంది. 1988లో యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడు జాక్ డెలోర్ బోర్న్‌మత్ వచ్చి, ఐరోపాలో కార్మికుల హక్కులకు రక్షణ ఉంటుందని యూనియన్ల మహాసభలో చెప్పాక గాలి తిరిగింది. థాచర్ పాలనలో దెబ్బ మీద దెబ్బ తిన్న యూనియన్లకు అది పెద్ద ఆసరా. పెద్దాయన అన్నది అక్షరాలా నిజం. మారింది పార్టీయే.

జూన్ 17, శుక్రవారం

నిన్న బర్‌స్టల్‌లో ఎంపీ జో కాక్స్‌ని చంపేశారు. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. రెండు పక్షాలూ ప్రచారం ఆపేశాయి. కరపత్రాల కట్ట విప్పలేదు.

జూన్ 23, గురువారం

కుండపోత వాన. తడుస్తూనే వెళ్ళి ఓటేశాను. కామన్వెల్త్ పౌరుణ్ణి గనక భారత పాస్‌పోర్టుతోనే ఓటు వచ్చింది. ఆఫీసులో నా పక్క సీటు పోలండ్ అమ్మాయికి రాలేదు. పన్నెండేళ్ళుగా ఇక్కడ పన్ను కడుతోంది. తేలేది ఆమె బతుకు, వేలు పెట్టింది నేను. సాయంత్రం ఆమె మొహం చూడలేకపోయాను.

జూన్ 24, శుక్రవారం

‘వెళ్దాం’ 51.9 శాతం. కార్బిన్ ఇలాకా ఇస్లింగ్టన్‌లో 75 శాతం ‘ఉందాం’. సండర్లాండ్‌లో 61, హల్‌లో 67 దాటి ‘వెళ్దాం’. మూడూ లేబర్ కోటలే. మా న్యూహామ్‌లో ‘ఉందాం’ గెలిచింది గానీ, అదీ 53 శాతం లోపే.

జూన్ 28, మంగళవారం

కార్బిన్ మీద సొంత ఎంపీలే 172–40 ఓట్లతో అవిశ్వాసం తెలిపారు. ఆదివారం ఆయన షాడో విదేశాంగ మంత్రి పదవి నుంచి తీసేసిన హిలరీ బెన్, టోనీ బెన్ కొడుకే. తండ్రి బయటికి రావాలని పోరాడాడు, కొడుకు ఉండాలని. ఇద్దరిదీ ఒకటే పార్టీ.

పార్టీలో రెండు అభిప్రాయాలుండటం తప్పు కాదు. విల్సన్ ఆ తగువును జనం ముందు పెట్టాడు. ఈసారి దాన్ని ఏడు మార్కుల చాటున దాచారు. ఇస్లింగ్టన్‌లో చెప్పిన మాటే హల్‌లోనూ ధైర్యంగా చెప్పలేకపోతే, ఆ రెండు ఊళ్ళ ఓట్లూ ఒకే పార్టీకి ఎక్కువ కాలం దక్కవు.