"ప్రార్థన చేస్తున్నామమ్మా" అని చెప్పే ముందు



ఈ వారం బోధించాలని కాదు, ఒక తప్పు ఒప్పుకోవాలని రాస్తున్నాం. తప్పు మాది. చదివాక "ఇది మాక్కూడా ఉంది" అని మీలో ఎవరికైనా అనిపిస్తే, కలిసి దేవుని సన్నిధికి వెళ్దాం.

మన సంఘంలో ఒక తల్లి ఉన్నారు. కొబ్బరి పీచు పనికి వెళ్తారు. భర్త లేరు. ఒక్కతే కూతురు, ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. మన కోనసీమలో ఇది వింతేమీ కాదు. అమలాపురం నుంచి రాజోలు వరకు ఏ ఊళ్ళో అడిగినా గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇల్లు కనిపిస్తుంది. ఆ తల్లి అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాం. పేరూ ఊరూ మాత్రం చెప్పం.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటుండగా ఆమె దగ్గరకు వచ్చి అడిగారు. "అయ్యగారండీ, మా అమ్మాయి కోసం ప్రార్థన చేస్తన్నారాండీ?"

"చేస్తూనే ఉన్నామమ్మా" అన్నాం.

ఆమె ముఖం తేటపడింది. "మీరు చేస్తన్నారంటే నాకు ధైర్యమండీ" అని, కొంగుతో కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయారు.

కానీ మేము చేయడం లేదు. రెండు నెలల క్రితం ఆమె వచ్చి, కూతురికి జీతం ఇవ్వడం లేదని, ఫోను కూడా తీసేసుకున్నారని చెప్పినప్పుడు "ప్రార్థన చేస్తామమ్మా" అని తల ఊపాం. ఆ తరువాత ఒక పెళ్ళి, రెండు గృహప్రవేశాలు, ఒక భూస్థాపన. మరిచిపోయాం. ఆ ఆదివారం గుమ్మం దగ్గర నిలబడ్డప్పుడు ఆ అమ్మాయి పేరు కూడా మాకు గుర్తు రాలేదు. ఆమెకు బాప్తిస్మం ఇచ్చింది మేమే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అబద్ధం ఆడొద్దని ఆ ఉదయమే ప్రసంగ పీఠం మీద నుంచి చెప్పిన నోరే గంట తిరగకుండా అబద్ధం ఆడింది. అదీ ప్రార్థన గురించి.

ప్రార్థన చేయడం మాకు రాదా? సెమినరీలో దాని క్రమం నేర్పారు. ముందు స్తుతి, తరువాత ఒప్పుకోలు, ఆపైన కృతజ్ఞత, చివర విజ్ఞాపన. క్రమం మంచిదే. ఇన్నేళ్ళ పరిచర్యలో మాటలూ బాగా వచ్చాయి. కూడికలో పదిహేను నిమిషాలు ఆగకుండా ప్రార్థిస్తే "అయ్యగారు ఎంత బాగా ప్రార్థన చేశారో" అని అంటారు. ఆ మాట వినడం మాకు అలవాటైపోయింది. ప్రార్థిస్తూ ప్రార్థిస్తూనే, ఈ మాట ఎవరికి నచ్చుతుందో అని లోపల లెక్క వేసుకున్న రోజులు ఉన్నాయి. లూకా 18వ అధ్యాయంలో పరిసయ్యుడు, సుంకరి ఇద్దరూ దేవాలయానికి వెళ్ళారు. పరిసయ్యుడి దగ్గర మాటలకు కొదవలేదు. నీతిమంతుడిగా ఇంటికి వెళ్ళింది మాత్రం రొమ్ము కొట్టుకున్న సుంకరి. ఆ భాగం మీద ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. మేము అందులో ఎవరమో ఆ రాత్రి తెలిసింది.

మీలో పెద్దవారికి 1996 నవంబరు 6 గుర్తుంటుంది. మేమప్పుడు హైస్కూలు పిల్లలం. మన సీమను ఆ తుపాను ఊడ్చేసింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. తోటలకు తోటలే కూలిపోయాయి. ఆ రాత్రి గాలి హోరులో ఎవరం ఇంపైన మాటలు వెతుక్కోలేదు. "తండ్రీ, కాపాడు" అన్నాం, అంతే. అంత నిజమైన ప్రార్థన మళ్ళీ ఎన్నిసార్లు చేశామని ఎవరికి వారు అడుగుకుంటే మంచిది. అవసరం కళ్ళెదుట ఉన్నప్పుడు ప్రార్థన ఎవరూ నేర్పకుండానే వస్తుంది. పక్కవారి అవసరం మన కళ్ళెదుటికి రాకపోవడమే మన జబ్బు.

వాక్యం తెరిస్తే మొదటి సమూయేలు గ్రంథం దగ్గర ఆగిపోయాం. మొదటి అధ్యాయంలో హన్నా దేవుని సన్నిధిలో పెదవులు మాత్రం కదుపుతూ ఏడుస్తోంది. యాజకుడైన ఏలీ ఆమెను చూసి, తాగి వచ్చిందనుకున్నాడు. దుఃఖంలో ఉన్న స్త్రీ ఎదురుగా ఉంటే గుర్తుపట్టలేని సేవకుడు! ఆ హన్నాకు పుట్టిన సమూయేలే పెద్దవాడయ్యాక, 12వ అధ్యాయం 23వ వచనంలో, ప్రజల కోసం ప్రార్థన మానడం తనకు యెహోవాకు విరోధమైన పాపం అవుతుందని చెప్పాడు. మేము దాన్ని మతిమరుపు అనుకున్నాం. వాక్యం దాన్ని పాపం అంటోంది.

మంగళవారం ఉదయం, ఆమె పనికి బయలుదేరకముందే ఇంటికి వెళ్ళాం. "అమ్మా, ఆదివారం మీతో అబద్ధం చెప్పాం. మీ అమ్మాయి కోసం మేము ప్రార్థన చేయలేదు. క్షమించండి" అన్నాం. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. అరుగు మీద కూర్చుని నేల చూస్తూ ఉండిపోయారు. కోప్పడినా బాగుండు అనిపించింది. చివరికి "పోనీలెండయ్యగారూ. ఇప్పుడు చేద్దారి రండి" అని లేచారు.

ముందు ఆమే ప్రార్థించారు. "తండ్రీ, అది పొద్దున్న ఏం తిందో నాకు తెలీదు. నీకు తెలుసు. అక్కడ దానికి ఎవరూ లేరు. నువ్వుండు." అంతే. ఆమేన్ కూడా చెప్పలేకపోయారు. మేము మోకాళ్ళ మీదే ఉన్నాం. మా క్రమం, మా మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. ఆ అమ్మాయి పేరు చెప్పి, "ప్రభువా, ఈ బిడ్డను మరిచిపోయాం, నువ్వు మరిచిపోలేదు" అన్నాం.

ఆ రోజు నుంచి మేము నేర్చుకుంటున్నవి మీ ముందు ఉంచుతున్నాం.

మొదటిది, "ప్రార్థన చేస్తాం" అని మాట ఇచ్చి వాయిదా వేయవద్దు. అడిగిన చోటే, రేవు దగ్గరైనా, సంతలోనైనా, అప్పుడే అర నిమిషం ప్రార్థిద్దాం. ఫోనులో "ప్రే చేస్తున్నాం" అని పెట్టే ముందు నిజంగా చేసి అప్పుడు పెడదాం.

రెండవది, పేరుతో ప్రార్థిద్దాం. నిర్గమకాండము 28వ అధ్యాయంలో అహరోను ఇశ్రాయేలు కుమారుల పేర్లు చెక్కిన పతకాన్ని గుండె మీద ధరించి పరిశుద్ధ స్థలంలోకి వెళ్ళేవాడు. "అందరినీ దీవించు" అనడం సులువు. ఒక్కొక్క పేరు మోయడం బరువు. మేము ఇప్పుడు ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాం. ఒక గడిలో పేరు, అడిగిన తేదీ. పక్క గడి జవాబుకి.

మూడవది, మన ఇంటి భాషలో మాట్లాడదాం. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటితే నరసాపురం. 1836లో ఇంగ్లాండు నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు ఇండియాకు వచ్చి, ఆ నరసాపురంలో గోదావరి డెల్టా సేవ మొదలుపెట్టారు. మనతో మాట్లాడడానికి వారు తెలుగును అక్షరం అక్షరం నేర్చుకోవాల్సి వచ్చింది. తండ్రితో మాట్లాడడానికి మనకు ఆ కష్టం లేదు. అమ్మతో మాట్లాడే మాటలు చాలు.

నాలుగవది, ప్రార్థించి లేచాక చేయగలిగింది చేద్దాం. ఆకలితో ఉన్నవారిని వట్టి మాటలతో పంపేయవద్దని యాకోబు 2వ అధ్యాయం చెబుతోంది. ఆ తల్లితో కలిసి నెట్ సెంటరుకు వెళ్ళి, కూతురి పాస్‌పోర్టు కాపీతో విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం. రెండు నెలలు ఆలస్యంగా పెట్టాం. మీ ఇంటివారికి అలాంటి కష్టం ఉంటే మొహమాటపడకండి, రండి, కలిసి వెళ్దాం.

ఐదవది, కనిపెట్టుకుని ఉండడం. బౌడెన్, బీర్ గార్లను తీసుకువచ్చిన ఆంథోనీ నారిస్ గ్రోవ్స్ గారి చెల్లెలి భర్తే జార్జి ముల్లర్ గారు. అదే 1836లో బ్రిస్టల్‌లో అనాథాశ్రమం తెరిచి, మనుషులను చేయి చాచి అడగకుండా ప్రార్థనతోనే వేలాది పిల్లలను పోషించిన భక్తుడు. ఆయన 1844 నవంబరులో ఐదుగురి రక్షణ కోసం ప్రార్థించడం మొదలుపెట్టారు. మొదటివారు మారడానికి ఏడాదిన్నర పట్టింది. 36 ఏళ్ళు గడిచినా ఇద్దరు మారలేదు. ఆయన రోజూ ప్రార్థిస్తూనే ఉన్నారు. ఫలించే ప్రార్థన అంటే వెంటనే జవాబు వచ్చేది మాత్రమే అనుకునే మనకు ఇది తెలియాలి.

కువైట్ నుంచి ఆ అమ్మాయి మొన్న ఒక్కసారి ఫోను చేసింది. జీతం కొంత ఇచ్చారట. ఇంటికి ఎప్పుడు పంపుతారో చెప్పడం లేదట. నోటు పుస్తకంలో ఆమె పేరు పక్క గడి ఇంకా ఖాళీగానే ఉంది. నింపాలని తొందరపడడం లేదు. రోజూ ఉదయం ఆ పేరు చదివి, ఆమె ఏం తిందో అని అడుగుతున్నాం.

ఈ వారం మీరు "ప్రార్థన చేస్తాం" అని ఎవరికి చెప్పారో గుర్తు చేసుకోండి. ఆ పేరు గుర్తు రాకపోతే సిగ్గుపడకుండా వెళ్ళి అడగండి. మేము అడిగాం.

ప్రార్థిద్దాం. తండ్రీ, మా పెదవులతో అబద్ధమాడి నీ పేరు వాడుకున్నాం, క్షమించు. మేము మరిచిన ప్రతి పేరునూ మాకు గుర్తు చేయి. దూరాన ఉన్న మా బిడ్డలకు తోడుగా ఉండు. యేసు నామములో అడుగుతున్నాం తండ్రీ. ఆమేన్.