కనబడని సూర్యునకు అర్ఘ్యము

అండమాన్ దీవులలోని స్వరాజ్ ద్వీపమునకు నేడు తెలుగునాటనుండి విహారార్థము వెళ్ళు కుటుంబములు అనేకము. 2018 డిసెంబరు వరకు దాని పేరు హేవ్‌లాక్. తెల్లని ఇసుకను, నీలజలమును, పగడపు దిబ్బలను చూడగోరి వెళ్ళుదురు. అయితే ఆశ్వయుజ కార్తికములలో ఆ సముద్రమున అల్పపీడనములు పుట్టుట సహజము. 2014లో విశాఖపట్టణమును కొట్టిన హుద్‌హుద్ పుట్టినది కూడ ఆ జలములందే.

కాకినాడకు చెందిన ఒక గృహస్థుడు కార్తికమాసమున తండ్రిని, భార్యను, పదేండ్ల కుమారుని వెంటబెట్టుకొని ఆ దీవికి వెళ్ళెను. రెండు దినములు ఎండ కాసెను. మూడవనాడు తెల్లవారకముందే మొదలైన వాన నిలువలేదు. ఒడ్డున ఎఱ్ఱజెండా నాటిరి. పడవలు ఆగిపోయెను. పగడములను చూపు పడవకు చెల్లించిన సొమ్ము తిరిగి రాదనిరి. గృహస్థుడు పావుగంటకొకమారు ఫోనులో వాతావరణమును చూచుచు, రెండేండ్లు కూడబెట్టిన ధనము నీటిపాలైనదని విసుగుకొనుచుండెను.

వృద్ధుని చింత వేరు. ఉపనయనమైన నాటినుండి ఆయన సంధ్య తప్పినవాడు కాడు. సాయంసంధ్య సూర్యుడుండగా ఉత్తమము, అస్తమించిన పిదప మధ్యమము, నక్షత్రములు పొడమిన పిదప అధమము అని శాస్త్రము. నేడు సూర్యుడే లేడు, నక్షత్రములును ఉండబోవు. గడియారమును నమ్ముదమన్న, అక్కడ గడియారము కూడ మోసగించును.

ఈ విషయము పలువురు గమనింపరు. భారతదేశపు గడియారమంతయు 82½ డిగ్రీల తూర్పు రేఖను అనుసరించి నడచును. ఆ రేఖ కాకినాడ చేరువగా పోవుచున్నది. కనుక కాకినాడవానికి గడియారము, సూర్యుడు ఇంచుమించు కలిసియే నడచుదురు. స్వరాజ్ ద్వీపము సుమారు 93 డిగ్రీలపై ఉన్నది. డిగ్రీకి 4 నిమిషముల చొప్పున 42 నిమిషముల భేదము. కార్తికమున అక్కడ సూర్యుడు మధ్యాహ్నరేఖకు వచ్చునది గడియారపు పదకొండు గంటల వేళకే! దీవి మనకన్న దక్షిణమున ఉన్నందున ఆ ఋతువులో పగలు కొంత దీర్ఘము. అందుచే అస్తమయమున భేదము 35 నిమిషములకు తగ్గును, ఉదయమున 49కి పెరుగును. అమెరికాకు వెళ్ళువారు అక్కడి పంచాంగమును వెదకికొందురు గాని, ఒకే దేశము, ఒకే గడియారము గదా అని ఇక్కడ ఏమరుదురు. కాకినాడ అలవాటున అయిదుంబావుకు లేచి కాళ్ళు కడుగుకొన్నవానికి ఆ దీవిలో సూర్యుడు అప్పటికే మునిగి యుండును.

మొదటి రెండు సాయంకాలములు వృద్ధుడు ఒడ్డున నిలిచి అస్తమయమును చూచెను. మనుమడు వేళను కాగితముపై వ్రాసికొనెను. ఇప్పుడు ఆ కాగితమే ఆధారము.

"సూర్యుడే కనబడనప్పుడు అర్ఘ్యం ఎవరికి నాన్నగారూ? ఈ ఒక్కరోజూ మానేస్తే ఏమవుతుంది?" అని కుమారుడనెను. అది పరిహాసము కాదు. ఉపనయనమైన రెండేండ్లకే సంధ్యను విడిచినవాని ప్రశ్న అది. ఎన్నడో అడుగవలసి యుండెను, ఇంటివద్ద అడుగుటకు తీరికయే చిక్కలేదు.

"కనబడనిది మనకురా. ఆయన ఎక్కడికీ పోలేదు" అని వృద్ధుడనెను.

హస్తామలకస్తోత్రమున ఈ మాటయే ఉపమానముగా నున్నది. మేఘము కప్పినది చూచువాని దృష్టిని. ఆ మూఢుడు సూర్యుడే కప్పబడి కాంతిహీనుడైనాడని తలచును. నిత్యశుద్ధమైన ఆత్మ బద్ధమైనట్లు తోచుటయు అట్టిదే. ఈ ఉపమానము ఉపన్యాసములలో వినివిని అరిగిపోయినది. తలపై నల్లని మబ్బు, ఎదుట బూడిదవన్నె సముద్రము, చేతిలో అర్ఘ్యజలము ఉన్నవానికి మాత్రము అది ఉపమానము కాదు; ఆ పూట చేయవలసిన పని.

వాన విహారికి భగవంతుడు నేర్పు పాఠమని చెప్పువారున్నారు. ఆ మాట పొసగదు. పర్జన్యునకు మన సెలవులతో పనిలేదు. ఆ దీవిలో పెద్దనది లేదు, జనులకు వాననీరే ఆధారము. కాఫీ తెచ్చిన కుఱ్ఱవాడు శ్రీకాకుళమునుండి వచ్చి స్థిరపడిన కుటుంబమువాడు. "వాన పడితేనే మాకు నీళ్లండి. తొట్లన్నీ నిండాయి" అని సంతోషముతో చెప్పిపోయెను. గృహస్థుడు ఆ మాట విని ఫోను ప్రక్కన పెట్టెను.

"వాన ఆగాలని దేవుణ్ణి అడగొచ్చా తాతయ్యా?" అని మనుమడడిగెను. నిరభ్యంతరముగా అడుగవచ్చును. ఋగ్వేదము అయిదవ మండలమున అత్రి మహర్షి పర్జన్యుని బహువిధముల స్తుతించి, చివరి ఋక్కున, కురిసినది చాలును, ఇక నిలుపుమనియే ప్రార్థించెను. అయితే ఓషధులు మొలచిన పిదపనే ఆ ప్రార్థన. ఈ క్రమమును వృద్ధుడు మనుమనికి వివరించుచుండగా కోడలు కూడ వచ్చి కూర్చుండెను. ఆ నలుగురు ఒక గదిలో పూటంతయు కలిసి కూర్చుండి ఎన్నేండ్లైనదో!

నాలుగుంబావుకు వృద్ధుడు వసారాలో తూర్పుముఖముగా కూర్చుండి ఆచమనము చేసెను. జల్లు మోకాళ్ళవరకు కొట్టుచుండెను. మనుమడు కాగితము చూచి, "నిన్న నాలుగూ యాభైకి మునిగాడు తాతయ్యా, ఇంకా టైముంది" అని వేళ తెలుపుచుండెను. ఆయన పడమరకు తిరిగి అర్ఘ్యము విడిచెను. ఆ నీరెక్కడ పడినదో, వాననీరెక్కడిదో వేరుచేయ వీలులేకపోయెను. కుమారుడు తాను కూర్చుండలేదు. లేచి పోనూ లేదు. పంచపాత్రలో నీరు తఱిగినప్పుడు నింపియిచ్చెను.

రాత్రి పరుండునపుడు బాలుడు ఫోనులో నాలుగున్నరకు అలారము పెట్టుచు, "రేపు తాతయ్యతో లేస్తున్నాను. నిన్నూ లేపనా నాన్నా?" అనెను.

"చూద్దాం. ముందు వాన తగ్గనీ" అని అతడు అటు తిరిగి పడుకొనెను.