పాఠమువేళ చీపురు

2020వ సంవత్సరము మార్చినెలలో బడులు మూతపడెను. ఆ సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణములో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారములద్వారా పాఠములు ఇండ్లకే వచ్చినవి. పాఠము వచ్చినంతమాత్రమున చదువు వచ్చునా? మేము విద్యార్థుల యిండ్లకు పోయి చూచితిమి.

టీవీ లేని యొక యింట సెల్‌ఫోను ఒక్కటే. అది అన్నచేతిలో నున్నది. చెల్లెలు తన పాఠమువేళ అంట్లు తోముచుండెను. "వానికి పరీక్షలున్నవి, సారూ" అని తల్లి. పరీక్షలు ఈ పిల్లకును గలవు గదా! తరగతులు వేరగుటచే పాఠవేళలును వేరే. ఫోను పంచుకొనుట కష్టము కాదు. ఆ గంటసేపు ఆడుపిల్లకు పని చెప్పకుండుటయే కష్టము. అన్న చీపురు పట్టినచో ఇల్లు మునుగునా?

తమకు చదువు రాదని తల్లులు వెనుదీయుదురు. చదువక్కరలేదు. పాఠము ముగిసినపిదప "ఏమి చెప్పినారు?" అని యడిగి, వినిన చాలును. తడబడినచోటనే తనకు రానిదేదో పిల్లకు తెలియును. అచ్చట గీటుపెట్టించిన, ఉపాధ్యాయుడు వచ్చినప్పుడు అక్కడనుండియే మొదలుపెట్టును. టీవీ మరల చెప్పదు.

ఒక ముసలమ్మ ఈ పని పూనుకొన్నది. మూడవవంతుకన్న నాలుగవవంతు పెద్దదని మనుమరాలనగా, ఆమె నవ్వి జొన్నరొట్టెలు రెండు తెచ్చి తుంచసాగెను.