మేస్త్రిని పిలుచుకొచ్చే కుర్రాడు

"ఇంతకీ ఆఫీసులో ఏం చేస్తావురా?" అని ఊళ్లో తాతయ్య అడిగితే సాఫ్ట్‌వేర్ మనవడి దగ్గర జవాబులు బోలెడు. బ్యాంకు వాళ్లకి ప్రోగ్రాములు రాస్తాననొచ్చు. ఫోన్లో యాప్‌లు చేస్తాననొచ్చు. కానీ "ఈ వారమంతా బిల్డ్ టూల్ వెర్షన్ మార్చాను తాతయ్యా" అంటే? తాతయ్య సంగతి సరే, పక్క క్యాబిన్లో మేనేజరు కూడా అయోమయంగానే చూస్తాడు. కొత్త బటన్ రాలేదు, రంగు మారలేదు, యాప్ నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. మరి వారం రోజులు ఏం చేసినట్టు?

పెళ్లివారిల్లు గుర్తు తెచ్చుకుంటే ఈ వ్యవహారం సులువుగా అర్థమవుతుంది. ప్రోగ్రామర్లు రాసే కోడ్ అంతా వండని సరుకు. బియ్యం బస్తాలు, పప్పు, నూనె డబ్బాలు వరండాలో పేర్చి ఉన్నాయి. వాటిని ఏ వరసలో కడగాలి, ఏది ముందు పొయ్యి మీదకెక్కాలి, పులుసు మరిగేలోపు ఏ కూర తరగాలి... ఇవన్నీ చూసుకునే వంటమేస్త్రి ఒకడుండాలి. సాఫ్ట్‌వేర్‌లో ఆ మేస్త్రే బిల్డ్ టూల్. వేల ఫైళ్లని సరైన వరసలో కంపైల్ చేయించి, బయటి నుంచి తెప్పించాల్సిన లైబ్రరీలు తెప్పించి, చివరికి ఫోన్లో పట్టే ఒక్క మూట కట్టి ఇస్తుంది. వడ్డించిన విస్తరే అందరికీ కనబడుతుంది. పెరట్లో పొగలో నిలబడ్డ మేస్త్రిని ఎవరు చూస్తారు?

ఈ మేస్త్రుల వంశం పాతదే. 1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 'మేక్' అనే పనిముట్టు తయారుచేశాడు. ఏ ఫైలు మారిందో చూసి, దాని మీద ఆధారపడ్డవాటిని మాత్రమే మళ్లీ కంపైల్ చేయడం దాని పని. ఆలోచన గొప్పదే, కానీ అందులో ఒక పంటి కింద రాయి ఉంది. ప్రతి ఆజ్ఞ ముందూ కచ్చితంగా ట్యాబ్ కొట్టాలి. ఖాళీలు వదిలితే కుదరదు, పైగా చూపుకి రెండూ ఒకటే. అది తప్పని ఫెల్డ్‌మన్‌కి కొద్ది వారాల్లోనే తెలిసింది. అప్పటికే డజను మంది వాడేస్తున్నారు, మారిస్తే వాళ్లకి ఇబ్బంది కదా అని వదిలేశాడట! ఆ డజను మంది మొహమాటం కోసం ఇన్నేళ్లుగా ప్రపంచమంతా ట్యాబ్ కొడుతూనే ఉంది. అదే పనిముట్టుకి 2003 సంవత్సరపు ఏసీఎం సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు వచ్చింది. రెండూ న్యాయమే.

ఆ ట్యాబ్ గొడవ పడలేకే జావా ప్రపంచంలో 'యాంట్' పుట్టింది. 2000లో అది విడిగా బయటికొచ్చింది. తర్వాత మావెన్. 2012 జూన్‌లో 'గ్రేడిల్' 1.0. మరుసటి ఏడాది మే నెలలో గూగుల్ తన ఆండ్రాయిడ్ స్టూడియోని ప్రకటిస్తూ గ్రేడిల్‌ని ఎంచుకోవడంతో దాని దశ తిరిగింది. మీ ఫోన్లో ఉన్న ఆండ్రాయిడ్ యాప్‌లలో చాలావాటిని వండింది ఈ మేస్త్రే.

గ్రేడిల్‌తో వచ్చిన ఒక చిన్న ఏర్పాటు గురించి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మేస్త్రి ఒక్కడే కాదు. ఒక్కో వెర్షన్ ఒక్కో మేస్త్రి కింద లెక్క. నాలుగో వెర్షన్ మేస్త్రికి అలవాటైన వంట ఎనిమిదో వెర్షన్ మేస్త్రికి చేతకాదు. ఒకరి కంప్యూటర్లో ఒకటి, ఇంకొకరి దగ్గర ఇంకొకటి ఉంటే "నా దగ్గర బాగానే నడుస్తోందే" అన్న పాత పాట మొదలవుతుంది. అందుకని ప్రాజెక్టులోనే ఒక కుర్రాణ్ని కూర్చోబెట్టారు. వాడికి వంట రాదు. వాడి జేబులో ఒక చీటీ ఉంటుంది. 'ఈ ఇంటికి ఫలానా మేస్త్రే రావాలి' అని. ఎవరైనా వాణ్ని పిలిస్తే చీటీ చూసి, ఆ మేస్త్రి ఇప్పటికే ఊళ్లో ఉంటే సరే, లేకపోతే ఇంటర్నెట్‌లో వెళ్లి వంద ఎంబీ పైచిలుకు మూట దించి, పిలుచుకొచ్చి పొయ్యి దగ్గర నిలబెడతాడు. ఈ కుర్రాడి పేరు రాపర్. ఉపాయం బాగుందని తర్వాత మావెన్ వాళ్లూ ఇలాంటివాణ్నే పెట్టుకున్నారు.

కుర్రాడంటే నాలుగు ఫైళ్లు. చీటీ ఒకటి. నడిపించే చిన్న జార్ ఫైలు ఒకటి. విండోస్ వాళ్ల కోసం ఒక స్క్రిప్టు. లినక్స్, మ్యాక్, ఇంకా యూనిక్స్ వంశంలో ఉన్న ప్రతి యంత్రం కోసం 'గ్రేడిల్‌డబ్ల్యూ' అనే మరో స్క్రిప్టు. ఈ చివరిదాంట్లోనే ఉంది అసలు కథంతా. రెండు వందల యాభై లైన్లుంటుంది. అందులో సగం దాకా వివరణలే. చేసే పనల్లా జావా ఎక్కడుందో వెతికి, జార్‌ని మొదలుపెట్టడం. ఇంత చిన్న పనికి అంత పొడుగెందుకు?

ఎందుకంటే ఆ స్క్రిప్టుకి తను ఏ ఇంట్లో నిద్ర లేస్తుందో తెలియదు. యూనిక్స్‌లో ఆజ్ఞలు చదివే ప్రోగ్రాముని షెల్ అంటారు. 1979లో స్టీఫెన్ బోర్న్ షెల్ వచ్చింది, 1989లో బాష్ వచ్చింది. బాష్‌లో సౌకర్యాలు ఎక్కువ. అందరి దగ్గరా బాషే ఉంటుందనుకుని రాసినవాళ్లు 2006 అక్టోబరులో దెబ్బతిన్నారు. ఉబుంటు తన మూల షెల్‌గా డ్యాష్ అనే సన్నపాటిదాన్ని పెట్టుకుంది. ఎన్నో స్క్రిప్టులు రాత్రికి రాత్రి మొరాయించాయి. ఇక మ్యాక్‌లో ఉండే బాష్ 3.2. అదీ 2006 నాటిదే. లైసెన్సు మారడంతో యాపిల్ అక్కడే ఆగిపోయి, 2019లో జెడ్‌షెల్‌కి మళ్లింది. అందుకే ఎక్కడైనా బతకాలనుకున్న స్క్రిప్టు ఏ షెల్ ప్రత్యేకతనీ వాడకూడదు. పోజిక్స్ అనే ఉమ్మడి ప్రమాణంలో ఉన్నవాటితోనే సరిపెట్టుకోవాలి. తెలుగువాళ్లు పది జిల్లాల చుట్టాలతో మాట్లాడేటప్పుడు ఎవరి యాసా తగలకుండా మాట్లాడతారే, అలాగన్నమాట.

2021లో, ఏడో వెర్షన్ నాటికి, ఈ స్క్రిప్టుని ఆ కట్టుబాటుతో మొదటి నుంచీ తిరగరాశారు. పాతదాంట్లో ఒక విచిత్రముండేది. సిగ్‌విన్ అనే వాతావరణంలో నడిచేటప్పుడు దారుల పేర్లు మార్చాలి కాబట్టి, ఇచ్చిన పదాలు సున్నా అయితే ఇలా, ఒకటైతే ఇలా, రెండైతే ఇలా అంటూ తొమ్మిది దాకా ఒక్కోదానికీ ఒక్కో లైను రాసుకుంటూ పోయారు. పదో పదం వచ్చిందా, మార్పిడి మొత్తం గంగలో కలిసినట్టే! కొత్తదాంట్లో ఆ లెక్క లేదు. బాష్‌లోలాగా పేర్చుకోవడానికి అరలు లేవు గనుక, పోజిక్స్ షెల్‌లో ఉన్న ఒకే ఒక్క వరసని వాడుకున్నారు. ముందు నుంచి ఒక పదం తియ్యడం, సరిచేయడం, వెనక చేర్చడం. వరస ఒక చుట్టు తిరిగేసరికి అన్నీ సరైపోతాయి. పదాలన్నీ ఒకే తాడుకి గుచ్చితే మధ్యలో ఖాళీ ఉన్న ఫోల్డరు పేరు రెండు ముక్కలవుతుంది. మనవాళ్లకి 'న్యూ ఫోల్డర్ టూ' అని పేరు పెట్టడం అలవాటే కదా. కొత్త పద్ధతిలో ఆ ముక్కలవడం లేదు.

అందులో ఇంకో వరస చదివితే ముచ్చటేస్తుంది. ఐబీఎం వారి ఏఐఎక్స్ మీద జావా వింత చోట ఉంటుంది, అక్కడ కూడా చూడు అంటుంది. నాన్‌స్టాప్ అనే యంత్రాల పేరూ అందులో ఉంది. టాండెమ్ కంపెనీ 1970లలో బ్యాంకుల లావాదేవీలు ఆగకుండా నడవడానికి మొదలుపెట్టిన వంశం అది. ఒక కుర్రవాడి మొబైల్ గేమ్ ప్రాజెక్టులో కూడా ఈ నాన్‌స్టాప్ లైను ఉంటుంది. ఆ గేమ్‌ని ఆ యంత్రం మీద ఎవరూ ఎన్నడూ వండరు. అయినా తీసేయరు. తీసేయకూడదు కూడా.

ఇప్పుడు ఆ వారం రోజుల పని దగ్గరికొద్దాం. ఒక చిన్న కంపెనీ అనుకోండి. పాలకేంద్రాల్లో రోజూ ఎవరెన్ని లీటర్లు పోశారో రాసుకునే యాప్ ఒకటి వాళ్లది. 2019లో గ్రేడిల్ ఐదో వెర్షన్‌తో, జావా ఎనిమిదితో తయారైంది. బాగా నడుస్తోంది కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు. కానీ ప్లే స్టోర్ ఊరుకోదు. యాప్ లక్ష్యంగా పెట్టుకున్న ఆండ్రాయిడ్ వెర్షన్ బాగా పాతబడితే, కొత్త ఫోన్లు కొన్న కొత్తవాళ్లకి ఆ యాప్ స్టోర్‌లో కనబడదు. కేంద్రంలో ఫోన్ పాడై కొత్తది కొన్నవాడు ఏం చేయాలి? లక్ష్యం పెంచాలంటే ఆండ్రాయిడ్ ప్లగిన్ పెంచాలి. 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఆ ప్లగిన్ ఎనిమిదో వెర్షన్‌కి గ్రేడిల్ 8 కావాలి, జావా 17 కావాలి. తీగ లాగితే డొంకంతా కదలడమంటే ఇదే.

ఈ పని ఎప్పుడూ కొత్తగా చేరినవాళ్ల మీదే పడుతుంది. సంభాషణ దాదాపు ఇలా ఉంటుంది.

"అన్నా, బిల్డ్ అవ్వట్లేదు."

"ఏమంటోంది?"

"క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 61 అట, సపోర్ట్ లేదంటోంది."

"నీ మెషిన్లో జావా ఎంత?"

"పదిహేడు."

"అదే మరి. అరవై ఒకటి అంటే జావా పదిహేడు. ఆ ముసలి గ్రేడిల్ పుట్టినప్పటికి అది లేదు. ముందు పాత జావా పెట్టు. లేదా చీటీలో నంబరు చేత్తో మార్చెయ్యి."

ఐదు నుంచి ఎనిమిదికి ఒక్క దూకు దూకినవాళ్లు సాధారణంగా బావిలోనే పడతారు. ఐదులో చివరిది, ఆరులో చివరిది, ఏడులో చివరిది... ఒక్కో మెట్టు మీదా ఆగి, హెచ్చరికలన్నీ చూపించమని అడిగి, సరిచేసుకుని పైకెక్కాలి. ఆరో వెర్షన్లో హెచ్చరికగా గొణిగింది ఏడో వెర్షన్లో తలుపు మూస్తుంది. లైబ్రరీ కావాలని చెప్పడానికి ఏళ్ల తరబడి వాడిన 'కంపైల్' అనే మాటని 2021 ఏప్రిల్‌లో వచ్చిన 7.0లో తీసేశారు, దాని బదులు 'ఇంప్లిమెంటేషన్' అనాలి. జేసెంటర్ అనే లైబ్రరీల గిడ్డంగి మూతపడుతుందని 2021 ఫిబ్రవరిలోనే ప్రకటన వచ్చింది. పాత ఫైళ్లలో దాని చిరునామా ఇంకా ఉంటుంది. మావెన్ సెంట్రల్ 2020 జనవరి నుంచి భద్రత లేని పాత తరహా చిరునామాలని రానివ్వడం లేదు. ఒక్కోటి చిన్నదే. అన్నీ కలిపితే వారం.

అన్నీ అయ్యాక చాలామంది తడబడేది కుర్రాడి దగ్గరే. వెర్షన్ మార్చమని ఆజ్ఞ ఒకసారి ఇస్తారు. మార్చినట్టు చెబుతుంది, పని అయిపోయిందనుకుంటారు. కానీ ఆ ఆజ్ఞని నడిపింది పాత మేస్త్రి. అతనికి తన కాలపు స్క్రిప్టు రాయడమే తెలుసు. చీటీలో నంబరు కొత్తది, కుర్రాడు మాత్రం పాతవాడే. అదే ఆజ్ఞ రెండోసారి ఇవ్వాలి. అప్పుడు చీటీ ప్రకారం కొత్త మేస్త్రి వస్తాడు, తన కాలపు జార్‌నీ స్క్రిప్టులనీ రాసిపెడతాడు. ఈ రెండో పిలుపు గ్రేడిల్ వాళ్ల పత్రాల్లోనే ఉంది. అయినా ఎనిమిదో వెర్షన్ మేస్త్రితో, ఐదో వెర్షన్ నాటి కుర్రాడితో నడుస్తున్న ప్రాజెక్టులు ఎన్నో! నడుస్తోంది కదా అంటారు. నడుస్తుంది. ఫోల్డరు పేరులో ఖాళీ వచ్చేదాకా, లేదా ఎవరో సిగ్‌విన్‌లో పదో పదం ఇచ్చేదాకా.

కొత్త స్క్రిప్టులో తప్పుల్లేవని కాదు. తానున్న ఫోల్డరు ఏదో తెలుసుకోవడానికి అది ఆ ఫోల్డరులోకి వెళ్లి, పేరు ముద్రిస్తుంది. కొందరు సీడీపాత్ అనే అమరిక పెట్టుకుంటారు. అది ఉంటే ఫోల్డరులోకి వెళ్లడమే పేరుని ఒకసారి ముద్రిస్తుంది. అంటే ఒకే పేరు రెండుసార్లు! రెండు పేర్లు కలిసిన ఫోల్డరు ఎక్కడా ఉండదు కాబట్టి అంతటితో ఆగిపోయేది. ఎవరో ఫిర్యాదు చేశాక, మొదటి ముద్రణని పారబోసే చిన్న దిద్దుబాటు చేరింది, పక్కనే ఎందుకో ఒక లైను వివరణా చేరింది. ఆ స్క్రిప్టులో సగం వివరణలెందుకో దీంతో తెలిసిపోతుంది.

విండోస్ వాడేవాళ్లు ఉన్న జట్టులో ఇంకో రెండు తిప్పలు. విండోస్‌లో లైను చివర రెండు అక్షరాలుంటాయి, యూనిక్స్‌లో ఒకటే. విండోస్ మీద సేవ్ చేసిన స్క్రిప్టు లినక్స్ సర్వర్‌కి చేరితే, మొదటి లైనులో ఉన్న షెల్ పేరు చివర కనబడని అక్షరం ఒకటి అతుక్కుని, అలాంటి షెల్ ఏదీ లేదు పొమ్మంటుంది. రెండోది, నడిపే అనుమతి. విండోస్‌లో ఫైలుకి అలాంటి గుర్తు ఉండదు. గిట్‌కి విడిగా చెప్పకపోతే సర్వర్ 'అనుమతి లేదు' అని ఒక్క ముక్కతో తేల్చేస్తుంది. ఈ రెండింటి మీద గడిచిన సాయంత్రాలకి లెక్కే లేదు.

చివరికి నాలుగు ఫైళ్ల మార్పు సీనియర్ ముందుకి వస్తుంది. చీటీలో ఒక నంబరు మారింది, చదవొచ్చు. స్క్రిప్టులు రెండూ ఓపికుంటే చదవొచ్చు. జార్ ఫైలు మాత్రం చదవలేం. వంద కిలోబైట్లు కూడా ఉండదు, తెరిస్తే అర్థంకాని అక్షరాలే. కానీ జట్టులో ప్రతివాళ్ల కంప్యూటర్లోనూ, సర్వర్ మీదా ముందుగా నడిచేది అదే. దాని స్థానంలో మరోటి పెట్టి పంపినవాడికి తాళంచెవులన్నీ ఇచ్చినట్టే. "బిల్డ్ టూల్ వెర్షన్ పెంచాను" అన్న శీర్షికతో వచ్చే మార్పుని ఎవరూ తేరిపార చూడరన్నది దొంగకీ తెలుసు. అందుకే గ్రేడిల్ వాళ్లు ప్రతి వెర్షన్ జార్‌కీ ఒక చెక్‌సమ్ ప్రకటిస్తారు. వేలిముద్ర లాంటి పొడవైన అంకె అది. దించుకునే మేస్త్రి మూటకీ అలాంటిదే ఉంటుంది, దాన్ని చీటీలోనే రాసి పెట్టుకోవచ్చు. సరిపోలకపోతే కుర్రాడు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు.

పాలకేంద్రం యాప్‌కి ఆ అంకె సరిపోలింది. ఎనిమిదో వెర్షన్ లోపలికి వెళ్లింది. అప్పటికే, 2025 జూలై చివర్లో, గ్రేడిల్ 9 విడుదలైంది.