పుల్లింగ్ పోయింది... నమ్మేదెవరు?

చిత్తూరు దాటి పలమనేరు వైపు వెళుతుంటే మొగిలి ఘాట్ వస్తుంది. ఆ దారిన బెంగళూరు వెళ్లే లోడు బండ్లకు అదో పరీక్ష. 2023 వేసవిలో ఓరోజు తెల్లవారుజామున, నెల్లూరు బియ్యం బస్తాలు వేసుకున్న పది టైర్ల లారీ ఒకటి ఆ ఎక్కుడు మధ్యలో ఉంది. నాలుగో గేరు. ఎక్స్‌లేటరు మీద కాలు నిండా ఉంది. ఉన్నట్టుండి డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. అంతే! ఎవరో పీక నొక్కినట్టు బండి నీరసించిపోయింది. ఎంత తొక్కినా పలకదు. వెనక బస్సువాడు ఒకటే హారను.

‘‘పుల్లింగ్ పోయింది... రాయి వెయ్యరా!’’ డ్రైవరు అరిచాడు. క్లీనరు దూకి వెనక చక్రం కింద రాయి పెట్టాడు. తాళం తీసి, పది నిమిషాలు ఆగి మళ్లీ సెల్ఫ్ కొడితే... ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. అదే ఘాట్, అదే లోడు. దర్జాగా ఎక్కేసింది. బెంగళూరులో సరుకు దించి నెల్లూరు వచ్చేదాకా ఒక్కచోట కూడా మొరాయించలేదు. వెలిగిన లైటు కూడా దారిలో దానంతటదే ఆరిపోయింది.

డ్రైవరు సంగతి చెప్పాడు. వర్క్‌షాపులో బండి చూశారు. రేజ్ చేశారు, ఊళ్లో ఓ చుట్టు తిప్పారు. ‘‘బండి బంగారంలా ఉంది’’ అన్నారు. అసలు కథ అక్కడ మొదలైంది.

ఆ డ్రైవరుది ఆ ఇంట్లో 22 ఏళ్ల ఉద్యోగం. ఇప్పటి ఓనరు వాళ్ల నాన్న దగ్గర చేరాడు. ఓనరు నిక్కర్లు వేసుకునే రోజుల్లో స్టీరింగు ముందు కూర్చోబెట్టుకుని తిప్పినవాడు. అందుకే ఓనరు ఇప్పటికీ అతన్ని ‘బాబాయ్’ అనే పిలుస్తాడు. 2021లో ఫైనాన్సులో ఈ కొత్త లారీ తీసుకున్నప్పుడు తాళాలు మొదట అతని చేతికే ఇచ్చాడు.

రెండోసారి ఆగినప్పుడు సరుకు ఆలస్యమైంది. మూడోసారి పార్టీ కిరాయిలో కోత పెట్టింది. నెల తిరిగితే కంతు కట్టాలి. ‘‘బండిలో ఏం లేదంటున్నారు బాబాయ్. మరి నీకే ఎందుకు ఆగుతోంది?’’ అన్నాడు ఓనరు. కోపంగా కాదు, విసుగ్గా. పక్కనున్నవాళ్లు ఊరుకుంటారా! డీజిలు తీసి అమ్ముతున్నాడేమో అని ఒకరు, ఘాట్ దగ్గర హోటల్లో పడుకుని కథలు చెబుతున్నాడని ఇంకొకరు. నాలుగోసారి ఫోన్లో ఓనరు నోట ‘బాబాయ్’ రాలేదు. ‘‘ఏం డ్రైవరూ, మళ్లీనా?’’ అన్నాడు. ఆ రాత్రి అన్నం సహించలేదతనికి.

అప్పుడైతే పొగ చెప్పేది

పాత లారీలు జబ్బు దాచుకునేవి కావు. నల్లటి పొగ వస్తే గాలి చాలడం లేదనో, డీజిలు ఎక్కువ పడుతోందనో తెలిసేది. డీజిలు పైపులో గాలి చేరితే ఇంజిను తడబడుతూ, దగ్గుతూ చెప్పేది. మేస్త్రికి కన్ను, ముక్కు, చెవి ఉంటే చాలు. పనిముట్లు ఆ తర్వాత.

దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-4 బండ్లు, బీఎస్-5ను దాటేసి 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 బండ్లు వచ్చాయి. ఇప్పటి లారీలో పంపు డీజిలును ‘రైల్’ అనే గట్టి ఉక్కు గొట్టంలో నింపి పెడుతుంది. దాని ఒత్తిడి ఊరికే నిలబడి ఉన్నప్పుడు కొన్ని వందల బార్లు, ఎక్కుడులో 1,600 బార్లు, కొన్ని బండ్లలో అంతకన్నా ఎక్కువ. లారీ టైరులో ఉండే గాలి ఒత్తిడి 8 బార్లకు అటూ ఇటూ. అంటే టైరుకు 200 రెట్లన్నమాట! ఏ సిలిండరుకు ఎప్పుడు ఎంత డీజిలు చల్లాలో కంప్యూటరే లెక్కగడుతుంది. ఆ లెక్కకు కళ్లూ చెవులూ సెన్సర్లు.

పొగ గొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టడానికి 32.5 శాతం యూరియా కలిపిన ద్రావణం పోయాలి. అది అయిపోయినా, కల్తీదైనా బండి పవరు తగ్గించేస్తుంది. నియమం అలా పెట్టారు.

కాబట్టి కొత్త లారీలో పుల్లింగ్ పోయిందంటే మూడు అర్థాలు. ఇంజినుకే నిజంగా డీజిలో గాలో అందకపోవడం ఒకటి. కాలుష్యం నియమం కింద పడే శిక్ష రెండోది. ఏదో సెన్సరు మాట నమ్మలేక, ఇంజిను పాడవకుండా కంప్యూటరు జాగ్రత్తపడటం మూడోది. సీట్లో కూర్చున్నవాడికి మూడూ ఒకేలా ఉంటాయి. తొక్కితే పలకదు, అంతే.

వర్క్‌షాపువాళ్లు ఒకటొకటిగా మార్చుకుంటూ పోయారు. డీజిలు ఫిల్టర్లు మార్చారు. యూరియా ట్యాంకు కడిగి కొత్తది పోశారు. కంప్యూటరులో రైల్ ప్రెషర్ సెన్సరు పేరుతో కోడ్ కనబడితే ఆ సెన్సరూ మార్చారు. ఆ తర్వాత రెండు ట్రిప్పులు బండి బాగానే నడిచింది. ‘దొరికింది’ అనుకున్నారంతా. మూడో ట్రిప్పులో మొగిలి ఘాట్‌లో మళ్లీ అదే పసుపు లైటు. ‘‘ఇక పంపే మార్చాలి’’ అన్నారు. లెక్క లక్ష దాటింది.

టీ ఇచ్చి కూర్చోబెట్టి...

అప్పుడే విజయవాడకు ఓ కిరాయి పడింది. సరుకు దించాక ఆటోనగర్‌లో ఓ పెద్ద మేస్త్రికి చూపిద్దామని ఓనరు కూడా బస్సెక్కి వచ్చాడు. ఆ మేస్త్రి పాత పంపుల కాలం మనిషి. స్కానరు పట్టేది ఆయన మేనల్లుడు. డిప్లొమా చదివి మావయ్య దగ్గరే పనిలో చేరాడు.

మేస్త్రి క్యాబిన్ లేపలేదు. స్కానరూ పెట్టమనలేదు. స్టూలు వేసి డ్రైవరుకు టీ ఇప్పించాడు. ‘‘తమ్ముడూ, నువ్వు చెప్పు’’ అన్నాడు.

‘‘పవరు మెల్లమెల్లగా తగ్గిందా, స్విచ్చి ఆపినట్టు పోయిందా?’’

‘‘స్విచ్చి ఆపినట్టే మేస్త్రీ. లైటు వెలగడం, బండి పడిపోవడం ఒకేసారి.’’

ఫిల్టరు మూసుకుపోతేనో, డీజిలు అందకపోతేనో మామూలుగా బండి ముందు నీరసిస్తుంది. లైటు తర్వాత వెలుగుతుంది. రెండూ ఒక్క క్షణంలో జరిగాయంటే కంప్యూటరే పవరు కోసేసి ఉండొచ్చు.

‘‘ట్యాంకులో డీజిలు ఎంతుంది అప్పుడు?’’

డ్రైవరు సీటు వెనక నుంచి ట్రిప్పు పుస్తకం తెచ్చాడు. ఏ బంకులో ఎంత కొట్టించిందీ, ఎక్కడ ఎంతసేపు ఆగిందీ అందులో రాసే ఉంది. బండి పడిపోయిన ఐదు చోట్లా గీత గీసి పెట్టుకున్నాడు. ఒకసారి ట్యాంకు నిండుగా ఉంది, ఒకసారి అడుగుకు వచ్చింది. అంటే ట్యాంకులో పైపు లోపం కాకపోవచ్చు. రెండుసార్లు తెల్లవారుజామున, రెండుసార్లు మిట్టమధ్యాహ్నం, ఒకసారి రాత్రి. అంటే వేడికి వచ్చే లోపమూ కాదు. నాలుగుసార్లు మొగిలి ఘాట్‌లో, ఒకసారి ఫ్లైఓవరు మీద ట్రాఫిక్‌లో ఆగి మళ్లీ లాగేటప్పుడు.

‘‘ఖాళీ బండితో ఎక్కుడులో ఎప్పుడైనా పడిందా?’’

‘‘ఒక్కసారి కూడా లేదు మేస్త్రీ.’’

‘‘ఇది మొదలవడానికి ముందు బండికి ఏం పని చేయించారు?’’

డ్రైవరు పేజీలు వెనక్కి తిప్పాడు. ‘‘క్లచ్ ప్లేటు వేయించాం. గేరుబాక్సు దించారు. నెల తిరక్కముందే ఇది పట్టుకుంది.’’

మేస్త్రి పుస్తకం మూసి ఓనరు వైపు చూశాడు. ‘‘సగం పని మీ డ్రైవరే చేసిపెట్టాడు బాబూ’’ అన్నాడు. ఓనరు ఏమీ మాట్లాడలేదు. ఇన్నాళ్లూ ‘నిజమేనా?’ అని అడిగినవాళ్లే తప్ప, ‘ఎప్పుడు, ఎలా?’ అని అడిగినవాళ్లు లేరు. డ్రైవరు తల దించుకుని చల్లారిన టీ తాగాడు.

ఇంజిను ఒరిగితేనే...

అప్పుడు స్కానరు పెట్టారు. కోడ్ పడిన క్షణంలో బండి ఏ స్థితిలో ఉందో కూడా కంప్యూటరు రాసి పెట్టుకుంటుంది. ఇంజిను నిమిషానికి 1,300 చుట్ల దగ్గర, దాదాపు పూర్తి బరువు లాగుతోంది. డ్రైవరు చెప్పినదానికి అక్షరాలా సరిపోయింది.

‘‘మావయ్యా, రైల్‌లో ఒత్తిడి తగ్గిందని కాదిది. సెన్సరు సిగ్నలు హద్దు దాటిపోయిందని’’ అన్నాడు మేనల్లుడు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. మొదటిదైతే పంపునో, ఫిల్టరునో, ఇంజెక్టర్లనో అనుమానించాలి. రెండోది కబురు తెగిపోవడం. ఆ కబురు పుట్టేది సెన్సరులో, నడిచేది వైరులో, దాటేది కప్లరులో. కోడ్‌లో సెన్సరు పేరుంది కదా అని సెన్సరు మార్చడమంటే, ఫోను మోగలేదని అవతలి మనిషినే మార్చడం లాంటిది.

మరి కొత్త సెన్సరుతో రెండు ట్రిప్పులు ఎందుకు బాగా నడిచింది? సెన్సరు మార్చేటప్పుడు వైరు కదిలింది. కప్లరు విప్పి మళ్లీ పెట్టారు. దాంతో కొన్నాళ్లు అతుక్కుని ఉంది. మేస్త్రి అనుమానం అదీ.

ఇంజిను నడుస్తుండగా స్కానరు తెర మీద ఒత్తిడి గీత చూస్తూ వైరింగు కట్టను చేత్తో కదిపి చూశారు. గీత చెదరలేదు. రేజ్ చేశారు. చెదరలేదు. మేస్త్రి కాసేపు ఆలోచించాడు. ఇంజిను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. ఊరికే రేజ్ చేస్తే పెద్దగా కదలదు. బరువు లాగినప్పుడే ఓ పక్కకు ఒరుగుతుంది. ఈ బండిలో కంప్యూటరు డబ్బా క్యాబిన్ వైపు ఉంది, సెన్సరు ఇంజిను మీద ఉంది. ఇంజిను ఒరిగితే మధ్యలో వైరు సాగాలి.

చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు వేశారు. పార్కింగ్ బ్రేకు వేసి, బండి ముందు నుంచి మనుషుల్ని తప్పించారు. డ్రైవరు గేరు వేసి క్లచ్ కొద్దికొద్దిగా వదిలాడు. ఇలాంటిది చేయి తిరిగినవాళ్లు చేయాల్సిన పని. ఇంజిను బరువుగా మూలిగి ఓ పక్కకు ఒరిగింది. తెర మీద గీత దభీమని విరిగింది. పసుపు లైటు వెలిగింది.

‘‘ఆగు! ఆపెయ్!’’ అని అరిచాడు మేనల్లుడు. అన్ని నెలల్లో ఆ లైటును డ్రైవరు కాక ఇంకొకరు చూడటం అదే మొదటిసారి. ఓనరు వంగి వంగి చూశాడు.

ఆ తర్వాత పది నిమిషాల పని. గేరుబాక్సు దించినప్పుడు వైరింగు కట్టను పట్టి ఉంచే క్లిప్పు ఒకటి విరిగినట్టుంది. దాని బదులు ట్యాగ్ వేసి ఇంకోచోటికి బిగించి కట్టేశారు. దాంతో సెన్సరు దగ్గర వైరుకు ఆట లేకుండా పోయింది. ఇంజిను ఒరిగిన ప్రతిసారీ వైరు లాగబడి, కప్లరులో పిన్ను వదులైంది. లాగితే విడిపోతుంది. ఇంజిను వెనక్కి వస్తే మళ్లీ అతుక్కుంటుంది. 5 వోల్టుల కరెంటు మీద నడిచే ఆ చిన్న సిగ్నలు రెప్పపాటు తెగినా, ఒత్తిడి ఎంతో తెలియని కంప్యూటరు మొండిగా ముందుకు పోదు. పవరు తగ్గించి, తాళం తీసి మళ్లీ పెట్టేదాకా ఆ జాగ్రత్తలోనే ఉండిపోతుంది.

పిన్ను మార్చారు. వైరుకు కొంచెం పొడుగు కలిపారు. కొత్త స్లీవు తొడిగి, సరైన చోట క్లిప్పు పెట్టారు. సామాన్లకు కొన్ని వందలు, పనికి ఇంకొంత. లక్ష రూపాయల పంపు పెట్టెలోనే ఉండిపోయింది.

‘‘బాగైందని నేను ఇప్పుడే చెప్పను. లోడు వేసుకుని అదే ఘాట్ ఎక్కండి. ఎక్కితే బాగైనట్టు’’ అన్నాడు మేస్త్రి.

వారం తిరక్కుండా నెల్లూరులో బియ్యం బస్తాలు ఎక్కాయి. ఈసారి క్యాబిన్‌లో ఓనరు కూడా కూర్చున్నాడు. చిత్తూరు దాటింది. మొగిలి దగ్గర ఎక్కుడు మొదలైంది. నాలుగో గేరు. డ్రైవరు కాలు ఎక్స్‌లేటరు మీద నిండా ఉంది. ఓనరు కళ్లు రోడ్డు మీద లేవు, డ్యాష్‌బోర్డు మీదే ఉన్నాయి. అంతకుముందు బండి పడిపోయిన మలుపు వచ్చింది, వెళ్లిపోయింది. ఇంజిను ఒకే గొంతుతో లాగుతూనే ఉంది. లైటు వెలగలేదు.

పైకెక్కాక డ్రైవరు బండి పక్కకు తీశాడు. చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. తర్వాత ఓనరే ముందు దిగాడు. ఇవతలి వైపుకు వచ్చి తలుపు తీసి, ‘‘దిగు బాబాయ్, టీ తాగుదాం’’ అన్నాడు.

డ్రైవరు ట్రిప్పు పుస్తకం తీశాడు. తేదీ, లోడు, గేరు రాసి, పక్కన ‘పడలేదు’ అని రాశాడు. తర్వాత బండి దిగాడు.