కదిలే చెలియలికట్ట

సముద్రుడు చెలియలికట్ట దాటడని తెలుగువారి నానుడి. హద్దు మీరని ధీరుని వర్ణించవలసి వచ్చినప్పుడు మన కవులు సాగరాన్నే ఉపమానంగా గ్రహించారు. కాని భూమి చరిత్రను పరిశీలించినవారికి ఆ కట్ట ఎన్నోమార్లు చోటు మార్చిన సంగతి తెలుసు. అది కదిలినప్పుడు కదిలింది నీరా, నేలా? ఈ చిన్న ప్రశ్నకు సమాధానం కోసం శాస్త్రజ్ఞులు తరతరాలుగా శ్రమించారు.

1835 ఫిబ్రవరి 20న దక్షిణ అమెరికాలోని చిలీ తీరాన్ని పెనుభూకంపం కుదిపివేసింది. 'బీగిల్' నౌకలో లోకయాత్ర చేస్తున్న యువశాస్త్రజ్ఞుడు చార్లెస్ డార్విన్ ఆ సమయంలో వాల్దీవియా దగ్గరి అడవిలో విశ్రమిస్తున్నాడు. మార్చి 4న నౌక కన్సెప్సియాన్ తీరం చేరేసరికి ఆ నగరం శిథిలాల కుప్పగా మిగిలింది. ఆ విధ్వంసాన్ని మించి డార్విన్‌ను ఆలోచింపజేసింది మరొకటి ఉంది. సమీపంలోని శాంతా మరియా దీవిలో, పోటునీటి గుర్తుకు సుమారు 10 అడుగుల ఎత్తున, రాళ్ళను అంటిపెట్టుకొన్న ఆల్చిప్పలు కుళ్ళిపోతూ ఉండడం నౌకాధిపతి ఫిట్జ్‌రాయ్ చూశాడు. అంతకుముందు వాటి కోసం స్థానికులు నీటిలో మునగవలసి వచ్చేది. అక్కడ సముద్రం తగ్గలేదు. నేలే ఒక్క ఉదుటున పైకి లేచింది.

అటుపిమ్మట డార్విన్ ఉత్తరాన కోకింబో తీరంలో ఒకదాని వెనుక ఒకటిగా లేచిన విశాలమైన సోపానాలను చూశాడు. వాటిపై సముద్రపు గవ్వలు ఉన్నాయి. అవి కడలి చెక్కిన మెట్లే. అలలు తీరశిలను ఎడతెగక కోస్తూ ఉంటే నీటి అంచున చదునైన వేదిక ఏర్పడుతుంది. దాని వెనుక నిటారైన భృగువు నిలుస్తుంది. నేల లేచినా, నీరు తగ్గినా ఆ వేదిక అలలకు అందకుండా పోతుంది. అప్పుడు అలలు దిగువన మరొక వేదికను చెక్కనారంభిస్తాయి. ఇట్టి వరుసలో సాధారణంగా పైమెట్టు ప్రాచీనమైనది, కిందిమెట్టు ఇటీవలిది.

నేల కదలకున్నా నీటిమట్టం మారవచ్చు. దాదాపు 20,000 సంవత్సరాల క్రితం హిమయుగం పరాకాష్ఠలో ఉన్నప్పుడు సాగరజలంలో అపారమైన భాగం ఖండాలపై మంచుగా పేరుకొన్నది. అప్పటి సముద్రమట్టం నేటికంటే సుమారు 120 మీటర్లు దిగువన ఉండేది. మంచు కరిగిన కొద్దీ ఆ నీరు తిరిగి కడలిని చేరింది.

ఆ మంచు కరిగిన చోట మరొక విచిత్రం జరిగింది. స్వీడన్ తీరంలో సీలు జంతువులు వచ్చి పడుకొనే రాళ్ళు కాలక్రమంలో నీటికి అందనంత ఎత్తుకు చేరి, వేటగాళ్ళకు నిరుపయోగమయ్యేవి. ఉష్ణమాపకం ద్వారా మనకు పరిచితుడైన ఆండర్స్ సెల్సియస్ దీనిని గమనించి, 1731లో ఒక రాతిపై నీటిమట్టాన్ని సూచించే గుర్తు చెక్కించాడు. సముద్రమే తగ్గుతున్నదని ఆయన భావించాడు. ఆయన కొలత సరైనదే, కారణమే పొరపాటు. ఒకనాడు కిలోమీటర్ల మందాన మంచు భారాన్ని మోసి కుంగిన నేల, ఆ బరువు తొలగినందున నేటికీ మెల్లగా పైకి లేస్తూనే ఉంది. స్వీడన్‌లోని 'హై కోస్ట్' ప్రాంతంలో ప్రాచీన తీరరేఖ నేడు సముద్రమట్టానికి 286 మీటర్ల ఎత్తున కనిపిస్తుంది.

తెలుగుతీరపు కథ ఇందుకు భిన్నమైనది. గోదావరి, కృష్ణా నదులు యుగాలుగా ఒండ్రు తెచ్చి పోయగా మన డెల్టాలు సముద్రంలోకి పెరిగాయి. ఊళ్ళ నడుమ కనిపించే పొడవైన ఇసుక మెరకలలో అనేకం పూర్వపు తీరరేఖలే. నేడు ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోతోంది. కొత్త మట్టి చేరని డెల్టానేల తన బరువుకు తానే కుంగుతుంది. మరొకవైపు, భూతాపం వల్ల నీరు వ్యాకోచించి, హిమానీనదాలు కరిగి, 1901 నుండి 2018 నాటికి ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. పైకి వచ్చే నీరు, కిందికి దిగే నేల - ఈ రెండింటి మధ్య డెల్టావాసి నిలిచి ఉన్నాడు.

కాకినాడ చెంతనున్న ఉప్పాడలో ఇళ్ళు, రహదారి అలల పాలైన సంగతి లోకవిదితమే. ఇల్లు కోల్పోయిన మత్స్యకారునికి నీరు పెరిగిందా, నేల కుంగిందా, ఇసుక కొట్టుకుపోయిందా అన్న మీమాంస ఓదార్పు కాజాలదు. కాని ఆ ప్రశ్నకు సరైన సమాధానం దొరికితేనే మిగిలిన ఇళ్ళను కాపాడే ఉపాయం దొరుకుతుంది. సెల్సియస్ వలె గుర్తు పెట్టడం ఎంత అవసరమో, కారణాన్ని సరిగా గుర్తించడం అంతకంటే అవసరం. చెలియలికట్ట ఏనాడూ స్థిరం కాదని చిలీ మెట్లు చాటుతున్నాయి. ఆ కదలికలో మానవుని వంతు ఎంతో లెక్కించుకొని, దానిని తగ్గించుకోవడం నేటితరం బాధ్యత.