47 యూరోలతో రోమ్‌లో మూడు రోజులు

ముందు లెక్క చెప్పేస్తాను. మ్యూనిక్ నుంచి రోమ్‌కి రాత్రి బస్సు, రానూపోనూ 84 యూరోలు. హాస్టల్లో డార్మ్ బెడ్డు రెండు రాత్రులకి సిటీ టాక్స్‌తో కలిపి 69. మనిషికి 200 అనుకున్నాం కాబట్టి తిండికి, తిరగడానికి, టికెట్లకి మిగిలింది 47. అప్పటి రేటు ప్రకారం మన డబ్బుల్లో నాలుగు వేల రెండొందల చిల్లర. ఇన్‌స్టాలో రోమ్ రీల్స్ చూసి ప్లాన్ వేసుకునేవాళ్లకి ఇది ఒక పూట డిన్నర్ ఖర్చు.

ఇదేదో చాలెంజ్ వీడియో కోసం పెట్టుకున్న బడ్జెట్ కాదు. నాకు నెలనెలా జీతం పడుతోంది, నాతో వచ్చినవాడికి పడట్లేదు. మదనపల్లె కుర్రాడు, ఇంజనీరింగ్‌లో నా జూనియర్. జర్మనీలో మెకానికల్ మాస్టర్స్ పూర్తి చేశాడు. అక్కడ చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల పర్మిట్ ఇస్తారు. మేం వెళ్లిన 2024 ఏప్రిల్ నాటికి వాడికి అందులో మిగిలింది రెండున్నర నెలలు. వారానికి మూడు రోజులు ఓ వేర్‌హౌస్‌లో పార్సిళ్లు సర్దే పని, మిగతా రోజులు అప్లికేషన్లు. "మూడేళ్లు యూరప్‌లో ఉండి ఆల్డీ తప్ప ఏమీ చూడ్లేదన్నా" అన్నాడొకరోజు. రోమ్ పోదాం పద అన్నాను. సరేనన్నాడు గానీ ఒక కండిషన్ పెట్టాడు: "ఎవరి ఖర్చు వాళ్లదే. నువ్వు నాకు పెట్టినావంటే మధ్యలో దిగిపోతా."

అంటాడనుకున్నా. నిజంగా దిగిపోయే రకం కూడా.

గురువారం రాత్రి బస్సు. ఆస్ట్రియా దాటేలోపు పోలీసులు ఎక్కి లైట్లు వేసి మరీ కాగితాలు చూశారు. జర్మనీ రెసిడెన్స్ కార్డు ఉంటే ఇటలీకి వేరే వీసా అక్కర్లేదు, కానీ కార్డుతో పాటు పాస్‌పోర్టు కూడా దగ్గర ఉండాలి. శుక్రవారం పొద్దున తిబుర్తీనా బస్టాండ్‌లో దిగాం. మెట్రో టికెట్ యూరోన్నర. 100 నిమిషాల్లోపు బస్సులు ఎన్ని మారినా అదే టికెట్, మెట్రో మాత్రం ఒక్కసారే.

రోమ్‌లో డబ్బు మిగిల్చే మొదటి వస్తువు కుళాయి. వీధుల్లో ఇనుప స్తంభాల్లా ఉంటాయి, ముక్కులాంటి వంకర గొట్టంలోంచి చల్లటి నీళ్లు రోజంతా పారుతూనే ఉంటాయి. వాటి పేరే నాసోనీ, అంటే పెద్ద ముక్కులు. 1870ల నుంచి పెడుతూ వచ్చారు, ఇప్పుడు ఊరంతా దాదాపు 2,500 ఉన్నాయి. గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిన్న చిల్లులోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి, నోరు పెట్టి తాగేయొచ్చు. బాటిల్ వాటర్‌కి మూడు రోజుల్లో మేం పెట్టింది సున్నా. ఈ నీళ్ల పిచ్చి ఈనాటిది కాదు. క్రీ.పూ. 19లో అగ్రిప్ప వేయించిన కాలువ దారినే ఈరోజుకీ ట్రెవీ ఫౌంటెన్‌కి నీళ్లొస్తున్నాయి.

రెండోది, కాఫీ నిలబడి తాగాలి. కౌంటర్ దగ్గర ఎస్ప్రెస్సో యూరో ఇరవై సెంట్లు. అదే కప్పు టేబుల్ దగ్గర కూర్చుంటే, అందులోనూ ఏదైనా ఫేమస్ చౌరస్తాలో కూర్చుంటే, రేటు ఎన్ని రెట్లవుతుందో చెప్పలేం. మన ఇరానీ హోటల్ బయట నిలబడి చాయ్ తాగినట్టు రెండు గుక్కల్లో కానిచ్చేసి వెళ్లిపోవడమే.

తిండికి పీజా అల్ తాల్యో. పొడవాటి ట్రేల్లో కాల్చిన పీజాని మనం చూపించినంత మేర కత్తెరతో కోసి, తూకం వేసి ఇస్తారు. చీజ్ లేని టమాటా పీజా అన్నిటికన్నా చవక, నిజానికి అన్నిటికన్నా బాగుంది కూడా. సుప్లీ అని అన్నంతో చేసి వేయించిన ఉండలుంటాయి, మధ్యలో సాగే చీజ్. బంగాళాదుంప బోండాకి దూరపు చుట్టం. అయితే చాలాచోట్ల లోపల మాంసం ఉంటుంది, అడిగి తీసుకోండి. మావాడు శనివారం నీచు ముట్టడు. "సెన్సా కార్నే" అనే రెండు మాటలు ఆ రోజంతా వాడి నోట్లో మంత్రంలా ఆడాయి.

శుక్రవారం మధ్యాహ్నం కొలోసియం ముందు నిలబడ్డాం. టికెట్ 18 యూరోలు. నా ఫోన్‌లో యాప్ తెరిచే ఉంది, రెండు టికెట్లు కొనడం నాకు కష్టమేం కాదు. వాడు నా స్క్రీన్ వైపు చూసి, "ఆదివారం ఫ్రీ కదన్నా. ఏంటికి తొందర?" అన్నాడు. నిజమే. నెలలో మొదటి ఆదివారం ఇటలీలో ప్రభుత్వ మ్యూజియాలకు, పురాతన కట్టడాలకు టికెట్ ఉండదు. మేం ఆ వారాంతం ఎంచుకున్నదే అందుకు. యాప్ మూసేశాను. అక్కడి నుంచి కాపిటోలిన్ కొండ వెనక్కి వెళ్తే రోమన్ ఫోరమ్ మొత్తం కాళ్ల కింద పరిచినట్టు కనిపిస్తుంది, పైసా ఖర్చు లేదు.

ట్రెవీ, స్పానిష్ మెట్లు చూశామనిపించుకున్నాం. ఆ మెట్ల మీద కూర్చుంటే 2019 నుంచి ఫైన్, 250 యూరోల నుంచి మొదలు. అంటే మా మొత్తం ట్రిప్పు కన్నా ఎక్కువ. నిలబడే ఫొటో దిగాం.

పాంథియాన్‌కి మాత్రం ఐదేసి యూరోలు పెట్టాం. 2023 జూలై నుంచే టికెట్ పెట్టారు, అంతకు ముందు ఊరికే వెళ్లేవాళ్లట. ఇది వాడి ఎంపిక. దాదాపు 1,900 ఏళ్ల కిందటి కాంక్రీటు గుమ్మటం, అడ్డంగా 43 మీటర్ల పైచిలుకు. లోపల ఒక్క ఇనుప చువ్వ లేదు. పైకి వెళ్లేకొద్దీ కాంక్రీటులో తేలికైన రాయి కలిపారు, చివర్లో నీళ్లలో తేలేంత తేలికైన ప్యూమిస్. నడినెత్తిన తొమ్మిది మీటర్ల రంధ్రం, దానికి మూత లేదు. వాన పడితే లోపలే పడుతుంది, నేలకున్న చిల్లుల్లోంచి పోతుంది. మావాడు గంటసేపు తల పైకెత్తి తిరిగాడు. నెలల తర్వాత వాడి నోట్లోంచి రిజెక్షన్ మెయిళ్ల గురించి కాకుండా లోడ్ గురించి, ఒత్తిడి గురించి విన్నాను.

పక్క సందులోనే సాన్ లూయీజీ దేయ్ ఫ్రాంచెజీ అనే చర్చి. ఉచితం. ఎడమవైపు చివరి గదిలో కారవాజియో గీసిన మూడు పెద్ద బొమ్మలున్నాయి, మూడూ మాథ్యూ కథే. చీకటిగా ఉంటుంది. పెట్టెలో నాణెం వేస్తే కాసేపు లైటు వెలుగుతుంది. అక్కడ పదిహేను మందిమి ఉన్నాం, పదిహేను మందీ పక్కవాడు వేస్తాడని చూస్తున్నాం! చివరికి ఓ పెద్దావిడ గొణుక్కుంటూ పర్సు తెరిచింది. ఆ చీకట్లోంచి వేలు చూపిస్తున్న చెయ్యి బయటికొచ్చినప్పుడు నేను ఫోన్ కిందికి దించేశాను.

శనివారం పియాజ్జా విత్తోరియో దగ్గర ఎస్కిలీనో మార్కెట్‌కి వెళ్లాం. బెండకాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు, అన్నీ ఉన్నాయి. కొట్టు బంగ్లాదేశ్ వాళ్లది, బేరం హిందీలో. బియ్యం, నిమ్మకాయలు, పల్లీలు, పోపు సామాను కలిపి ఆరు యూరోల నలభై, చెరి మూడు ఇరవై. హాస్టల్ కిచెన్‌లో పులిహోర కలిపాం. ఎండుమిర్చి పోపుకి కిచెన్ మొత్తం దగ్గింది, తర్వాత మొత్తం రుచి చూసింది. మూడు పూటలు గడిచాయి దాంతో.

అదే రోజు సెయింట్ పీటర్స్. బసిలికా లోపలికి టికెట్ లేదు, సెక్యూరిటీ క్యూ ఒక్కటే. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. గుమ్మటం ఎక్కాలంటే మాత్రం మెట్ల దారికి అప్పట్లో 8 యూరోలు తీసుకునేవాళ్లు. వాడు రానన్నాడు. నేనూ మానేస్తానంటే ముఖం చిన్నబుచ్చుకుని, "నా మీద జాలితో మానుకోవద్దన్నా, ఎక్కు" అన్నాడు. ఎక్కాను. 551 మెట్లు. ఊరు బాగానే కనిపించింది, పక్కన మాట్లాడేవాడు లేడంతే. దిగే దారి నేరుగా చర్చి లోపలికే వస్తుంది. వాడు మైకెలాంజెలో పియెటా ముందు నిలబడి ఉన్నాడు. 1972లో ఒకడు సుత్తితో కొట్టాడని దానికి ఇప్పుడు అద్దం అడ్డం పెట్టారు.

"ఇది చెక్కడం అయ్యేసరికి ఆయనకి ఇరవై నాలుగేళ్లంటన్నా" అన్నాడు. "నాకిప్పుడు ఇరవై ఆరు."

ఏమనాలో తెలియలేదు. బయటికొచ్చి జానికోలో కొండకి నడిచాం. సాయంత్రం ఎండలో రోమ్ అంతా ఇటుక రంగులో ఉంది. అక్కడ గోడ మీద కూర్చుని చెప్పాడు, జూన్ 14కి బెంగళూరు టికెట్ తీసేశాడట. ఇంట్లో ఇంకా చెప్పలేదు. "నాన్న పొలం మీద లోన్ తీసుకున్నాడు కదన్నా, ఫోన్‌లో ఎట్ల చెప్పేది. పోయినాక చెప్తా." కావాలంటే నేను ఫోన్ చేస్తానన్నాను. వద్దన్నాడు. (ఇప్పుడు హోసూరులో ఓ కంపెనీలో ఉన్నాడు. జీతం అడిగితే నవ్వేసి, అప్పు ఎంత తగ్గిందో చెబుతాడు.)

ఆదివారం ఏడింటికల్లా కొలోసియం క్యూలో ఉన్నాం. ఫ్రీ రోజు ఆన్‌లైన్ బుకింగ్ ఉండదు, అక్కడికక్కడే టికెట్ ఇస్తారు. రెండు గంటల పైన పట్టింది, నిన్నటి పులిహోర నిలబడే తిన్నాం. మీరు వెళ్తే టోపీ, నీళ్ల బాటిల్ మర్చిపోకండి. క్రీ.శ. 80లో మొదలైన ఈ స్టేడియానికి కింద వరుసలో 80 ద్వారాలు, కొన్నిటి మీద రోమన్ నంబర్లు ఇంకా కనిపిస్తాయి. మన క్రికెట్ స్టేడియం గేట్ నంబర్ల పద్ధతే. అప్పుడూ ప్రవేశం ఉచితమే. కాకపోతే హోదాని బట్టి సీటు: ముందు సెనేటర్లు, పేదవాళ్లు ఎక్కడో పైన. మావాడు పై అంతస్తు వైపు చూసి, "మన బ్లాక్ అదేన్నా" అన్నాడు.

సాయంత్రం తిబుర్తీనాలో బస్సు నలభై నిమిషాలు లేటు. వాడు పర్సు తీసి చిల్లర లెక్కపెట్టాడు. ఆరు యూరోల ఇరవై సెంట్లు. ఏమీ మాట్లాడకుండా వెళ్లి రెండు జెలాటోలు తెచ్చాడు, ఒక్కోటి మూడు యూరోలు. ఎవరి ఖర్చు వాళ్లదే అన్నావు కదరా అన్నాను.

"కరుగుతా ఉంది, తిను" అన్నాడు.